కడగని గొట్టం: పోగుల మేడమ్ గారి ముప్పయి రెండేళ్ళు

1993వ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, మన మెదడు పరిశోధనాలయపు రెండవ అంతస్తులో, లిఫ్టు పక్కనున్న ఇరుకు గదిలో, ఇద్దరు కొత్త శాస్త్రజ్ఞులు ఒకే బల్ల ముందు కూర్చుని ఉద్యోగ స్వీకార పత్రాలపై సంతకాలు చేశారు. బల్ల మీద కలం ఒక్కటే ఉన్నది. దానిని ముందుగా అందుకున్నవారు, నేడు మనమందరమూ సగౌరవంగా వీడ్కోలు పలుకుతున్న మాన్య సహోద్యోగిని, పోగుల మేడమ్ గారు. వారి సంతకం పూర్తయ్యేదాకా చెయ్యి చాచి నిరీక్షించినవాడు ఈ వ్యాసకర్త. ముప్పయి రెండు సంవత్సరాల సుదీర్ఘ సేవాకాలంలో ఎన్నెన్ని మారినా, గోడల రంగులు మారినా, ఆరుగురు సంచాలకులు మారినా, ఆ వరుస మాత్రం మారలేదు. ముందు వారు, వెనుక ఇతడు.

పోగుల మేడమ్ అన్నది మన కార్యాలయం వారికి ప్రేమతో ఇచ్చుకున్న బిరుదు. మెదడు కణాలలో పేరుకునే ప్రొటీన్ పోగులను జీవితమంతా పరిశీలించారు గనుక ఆ పేరు వచ్చిందని కొత్తవారు అనుకుంటారు. ఏ వస్తువునూ పారవేయక బల్ల మీద, బల్ల కింద, కిటికీ గట్టు మీద పోగు వేస్తారు గనుక వచ్చిందని పాతవారికి తెలుసు. ఈ వ్యాసకర్తకు కూడా ఒక బిరుదు ఉన్నది. ఎదుట ఎవరూ పలకరు గాని, గోడ అవతల నుంచి "కడుగుడు సారు" అన్న మాట తరచుగా వినబడుతూనే ఉంటుంది. గాజు సామాను కడిగించే విషయంలో అతనికున్న పట్టుదలకు అది గుర్తింపు.

గత నెలలో మన సంచాలకులు, వయసులో చిన్నవారైనా చురుకైనవారు, ఈ వ్యాసకర్తను గదిలోకి పిలిపించారు.

"సార్, మీకు రెండు పనులండీ. మేడమ్ గారి మీద వీడ్కోలు సంచికకి మంచి వ్యాసం ఒకటి రాసి, సభలో చదవాలి. అలాగే ఆవిడ ఫ్రీజర్ నెలాఖరులోగా ఖాళీ చేయించాలి. శుభ్రం విషయంలో మిమ్మల్ని మించినవాళ్ళు ఇక్కడ ఎవరున్నారు చెప్పండి?"

"అందులో ఉన్నవన్నీ?"

"రూలు మీకు తెలిసిందే కదా. రిటైరైనవాళ్ళ శాంపిళ్ళని సర్వీసులో ఉన్న సైంటిస్టు ఎవరైనా తమ పేరు మీద తీసుకోవాలి. లేదంటే పారేయాలి. ఇప్పటిదాకా ఎవరూ ముందుకు రాలేదు. వాళ్ళ వాళ్ళ ఫ్రీజర్లే నిండిపోయి ఉన్నాయి."

ఆ విధంగా, ఒక చేత్తో పొగడవలసిన పనీ, రెండవ చేత్తో పారబోయవలసిన పనీ ఒకే మనిషికి ఒకే రోజున దక్కాయి. గదిలోంచి బయటికి వచ్చిన ఈ వ్యాసకర్తకు ఆ రెండింటిలో ఏది ఎక్కువ సంతోషం కలిగించిందో సభామర్యాద దృష్ట్యా ఇక్కడ రాయడం భావ్యం కాదు.

ఇటువంటి సంచికలలో సహోద్యోగుల మధ్య వెల్లివిరిసిన ఆత్మీయ సౌహార్దాలను ప్రస్తావించడం పరిపాటి. ఈ వ్యాసకర్త కూడా మొదట అలాగే ఒక పేజీ రాశాడు. దానిని చదివిన అతని భార్య కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"ఏవండీ, ఎవరి గురించండీ ఇదంతా?"

"ఇంకెవరు, మీ వదినగారి గురించే."

మేడమ్ గారికీ ఈ ఇంటికీ ఏ చుట్టరికమూ లేదు. ఏళ్ళ క్రితం ఒకనాడు "వదినా" అని ఈవిడ పిలిచింది, "ఏం మరదలా" అని ఆవిడ పలికారు, అంతే. అడగకుండానే ఈ వ్యాసకర్తకు ఒక అక్కగారు సంక్రమించారు.

"మా వదినంటే మీకు ముప్పయ్యేళ్ళుగా కుళ్ళు," అన్నది భార్య. "ఆ ముక్క వదిలేసి ఇంక ఏం రాస్తారు? పైగా ఆవిడకి తెలీదా ఏంటి? చదివి పడీపడీ నవ్వుతుంది."

కనుక సభాసదులకు సవినయంగా విన్నవించుకునేదేమనగా, ఈ వ్యాసం ఆసాంతం అసూయతో రాయబడినది. ఇందులో పొగడ్త ఎక్కడైనా కనిపిస్తే అది పళ్ళు కొరుక్కుంటూ రాసినదని గ్రహించి, నిజమని నమ్మవచ్చును.

తొలి సంవత్సరాలలో వారిరువురూ ఒకే గదిలో, ఒకే కుళాయి వద్ద, ఒకే వ్యాధి మీద పని చేశారు. పార్కిన్సన్ వ్యాధి అంటే చెయ్యి వణకడమని లోకం అనుకుంటుంది. వణుకు చాలా ఆలస్యంగా అందే వార్త. మెదడు మధ్యభాగంలో, అడుగున, నల్లని చారవంటి చిన్న ప్రాంతం ఒకటున్నది. మన కదలికలు సాఫీగా సాగడానికి కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని అక్కడి నాడీకణాలు తయారు చేస్తాయి. చేతికి వణుకు వచ్చేనాటికి ఆ కణాలలో ఎన్నో అప్పటికే నశించిపోయి ఉంటాయి. అవి ఎందుకు నశిస్తున్నాయన్నదే ఆ గదిలోని ప్రశ్న.

మేడమ్ గారి దృష్టి ఆ దశాబ్దం చివరికి ఒక ప్రొటీన్ మీదనే నిలిచినది. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ఆ ప్రొటీన్ నాడీకణాలలో సహజంగానే ఉంటుంది. అది ఒక గొలుసు. వదులుగా తిరుగుతూ, అవసరమైనచోట తగిన విధంగా మడత పడి, తన పని తాను చేసుకుపోతుంది. ఎప్పుడో ఒకనాడు, ఒక గొలుసు తప్పుగా మడత పడుతుంది. అంతటితో ఆగితే గొడవే లేదు. అల్మారాలో అడుగు దుప్పటిని వంకరగా మడిచి పెడితే దాని మీద పేర్చినవన్నీ వంకర పోయినట్లు, ఆ తప్పు మడత పక్కనున్న మంచి గొలుసును కూడా తన ఆకారంలోకే లాగుతుంది. అలా ఒకదానికొకటి అతుక్కుని చిన్న ముద్దలవుతాయి, ముద్దలు సాగి పోగులవుతాయి. ఆ చిన్న ముద్దలు కణపు పొరలకు చిల్లులు పెడతాయి, లోపలి చెత్తను ఎత్తిపోసే ఏర్పాటుకు అడ్డం పడతాయి, కణానికి శక్తినిచ్చే కేంద్రాలను కుంటుపరుస్తాయి, చివరకు కణాన్ని చంపి, పక్క కణంలోకి పాకుతాయి. ఇదీ మేడమ్ గారి పక్షం.

ఈ వ్యాసకర్త పక్షం వేరు. శక్తికేంద్రాలే ముందు చెడతాయనీ, ప్రొటీన్ మడత తప్పడం దాని ఫలితమనీ అతని వాదన. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ తగవు నేటికీ పూర్తిగా తేలలేదని, సభలో ఉన్న కుటుంబ సభ్యుల సౌకర్యార్థం, ఇక్కడ గట్టిగా నొక్కి చెప్పడమైనది. ఆ రోజుల్లో మాత్రం ఆ తగవు వరండా చివరిదాకా వినబడేది.

"శక్తి చాలక మడత తప్పుతుందంటారు, సరే," అనేవారు మేడమ్ గారు. "మరి నా ట్యూబులో కణమే లేదు కదండీ. మీ శక్తికేంద్రమూ లేదు. ఉత్త ప్రొటీనూ నీళ్ళూను. ఇక్కడ ఎందుకు తప్పుతోందీ?"

"మీ ట్యూబు మురికిగా ఉండబట్టి!"

కొత్త శతాబ్దపు తొలినాళ్ళలో జరిగిన ఒక సంఘటన మన కార్యాలయంలో అందరికీ తెలిసినదే అయినా, బాధితుని నోట ఎవరూ విని ఉండరు. శుద్ధమైన ప్రొటీన్‌ను గాజు గొట్టంలో పోసి, శరీరపు వేడి దగ్గర ఉంచి, యంత్రం మీద ఆగకుండా కదిలిస్తే, కొద్ది రోజులకు అది తప్పు మడతలు పడి, నీరు మబ్బు పట్టినట్లు అవుతుంది. ఆ గదిలో అందరి గొట్టాలకూ వారం పైనే పట్టేది. ఈ వ్యాసకర్త గొట్టాలు మాత్రం ఉన్నట్టుండి మర్నాటికే మబ్బు పట్టసాగాయి.

గాజు మీద మురికి ఉన్నదని అతడు నిశ్చయించాడు. సబ్బు మార్చాడు. మరిగించాడు. ఆమ్లంలో నానబెట్టాడు. గాజు కడిగే మనిషిని పక్కన కూర్చోబెట్టి తానే కడిగాడు. ఎంత కడిగినా పాత గొట్టాలు మర్నాటికే మబ్బు పట్టేవి. చివరకు ఆ సామానంతటినీ తీసివేసి కొత్త గొట్టాలు తెప్పించగా, నీరు అద్దంలా నిలిచింది. ఆ సాయంత్రం ఈ వ్యాసకర్త అంతస్తులో ఉన్నవారందరికీ కాఫీ ఇప్పించి, మాలిన్యం మీద తాను సాధించిన విజయాన్ని ప్రకటించాడు. అందరూ అభినందించారు. మేడమ్ గారు మాత్రం కప్పు పట్టుకుని గాజు కడిగే తొట్టి దగ్గరే నిలబడిపోయారు. అందులో పాత గొట్టం ఒకటి ఇంకా కడగకుండా మిగిలి ఉన్నది.

"సారూ, ఆ మురికిలో ఏముందండీ?"

"మురికిలో ఏముంటుందండీ, మురికి ఉంటుంది."

"అంత కడిగినా పోని మురికా?" అని గొట్టం వైపు వంగి, "ఇది నేను తీసుకోవచ్చా?" అన్నారు.

"మహారాజులా తీసుకోండి. ఎలాగూ పారేసేదేగా."

ఆ గొట్టపు గోడలకు పాత పోగులు కంటికి కనబడనంత సన్నగా అంటుకుని ఉన్నాయి. మామూలు సబ్బుకు అవి లొంగవు. కొత్తగా పోసిన ప్రొటీన్‌కు ఆ పాత పోగులే విత్తనాలై, తప్పు మడతను నేర్పుతున్నాయి. మేడమ్ గారు ఆ గొట్టంలోని తేమను సూదిమొనంత తీసి శుద్ధమైన ప్రొటీన్ నీటిలో కలిపారు, తెల్లవారేసరికి మబ్బు పట్టింది. అందులోంచి మరొక దానిలోకి, దానిలోంచి ఇంకొక దానిలోకి, తరం తర్వాత తరం, మొదటి గొట్టంలోని మడత ఆకారమే నడిచి వచ్చింది. ప్రపంచంలో మరికొన్ని చోట్ల మరికొందరు ఇదే బాటలో నడుస్తున్నారని తరువాత తెలిసింది గాని, మన అంతస్తులో ఆ బాట వేసినది మేడమ్ గారే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈ వ్యాసకర్త శ్రద్ధగా కాలు కడుక్కున్నాడు. వారు ఆ అడుసును పరీక్షకు పెట్టారు.

వారి పరిశోధన పత్రం చివర, కృతజ్ఞతల భాగంలో, "కడగని గాజు గొట్టాన్ని ఉదారంగా ఇచ్చిన సహోద్యోగికి" అని ఒక వాక్యం ఉన్నది. ఈ వ్యాసకర్త తన జీవితకాలంలో రాసిన పత్రాలన్నింటినీ కలిపి చదివినవారి కంటే ఆ ఒక్క వాక్యాన్ని చదివినవారే ఎక్కువ. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ తరువాత పురస్కారాలు వచ్చాయి. దూరదేశాల నుంచి అతిథులు వచ్చారు. గదులు వేరయ్యాక లిఫ్టు దిగగానే ఎదురయ్యేది ఈ వ్యాసకర్త గదే కావడం వల్ల, తలుపు తట్టి "మేడమ్ గారి గది ఎక్కడండీ?" అని అడిగిన ప్రతివారికీ చిరునవ్వుతో దారి చూపే భాగ్యం కూడా అతనికే దక్కింది. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో తెలుసుకోగోరేవారు ఆ గదిలో ఒక ఏడాది కూర్చుంటే చాలు.

తదుపరి దశాబ్దంలో మేడమ్ గారు ఆ విత్తనాల గుణాన్నే ఆధారం చేసుకుని, ఇతర కేంద్రాలతో కలిసి, ఒక పరీక్షను మెరుగుపరచే పనిలో నిమగ్నులయ్యారు. మనిషి వెన్నులోంచి సూదితో తీసిన వెన్నునీటిని కొద్దిగా శుద్ధమైన ప్రొటీన్‌లో కలిపి కదిలిస్తారు. ఆ నీటిలో తప్పు మడతలు ఏ కొంచెమున్నా, గొట్టం తొందరగా మబ్బు పట్టి సంగతి చెప్పేస్తుంది. ఈ వ్యాసకర్తను ఏడిపించిన మాయే రోగపు ఆచూకీ చెప్పే సాధనమైనది. ఆ పరీక్షకు వెన్నునీరు ఇచ్చిన తొలి వ్యక్తులలో ఒకరి గురించి ఇక్కడ చెప్పక తప్పదు.

ఏడేళ్ళ క్రితం మన వార్షికోత్సవానికి ఈ వ్యాసకర్త భార్య కూడా వచ్చింది. భోజనాల వేళ మేడమ్ గారు అతన్ని వరండాలో పక్కకు పిలిచారు.

"సారూ, ఏమనుకోకండి. మా మరదలు నడుస్తుంటే ఎడమ చెయ్యి ఊగట్లేదు. ఎప్పట్నుంచీ?"

"ఆ భుజానికి బ్యాగు తగిలించుకుంటుందండీ. అలవాటు."

బ్యాగు కుడి భుజానికి ఉన్నది. ఆ మాట మేడమ్ గారు అనలేదు, అటు చూశారంతే. అప్పటికి కొన్నాళ్ళుగా ఇంట్లో పాలు మాడిపోతున్నాయి. ఎదురుగా నిలబడి కూడా వాసన పట్టడం లేదని ఆవిడను ఈ వ్యాసకర్త విసుక్కుంటున్నాడు. వాసన తెలియకపోవడం, నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం, ఈ వ్యాధి వణుకు కంటే ముందు పంపగల కబుర్లని అతడు ఎన్ని సభలలో ఉపన్యసించాడో లెక్కలేదు. దీపం కింద చీకటి అన్నది ఇటువంటి ఇళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

"చూపిద్దాంలే, చూపిద్దాంలే" అంటూ అతడు రోజులు దాటవేస్తుంటే, మేడమ్ గారే ఆవిడను నాడీవైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు. ఆయన పరీక్షించి పార్కిన్సన్ అని చెప్పారు. ఆ తరువాత పరిశోధన కోసం వెన్నునీరు ఇవ్వడానికి ఆవిడ ఒప్పుకున్నదని ఈ వ్యాసకర్తకు తెలిసినది కూడా ఆలస్యంగానే.

"నాతో ఒక్క మాట చెప్పవా? వెన్నులో సూది అంటే మాటలా?"

"వదిన అడిగింది, ఇచ్చాను," అన్నది ఆవిడ. "మీరు అడగలేదుగా."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు పెద్దలు. పెరటి చెట్టు కూడా ఆ సంగతి విని బాధపడుతుందని మాత్రం వారు చెప్పలేదు.

గత సంవత్సరం నుంచి ఆవిడకు వంటగది గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోవడం మొదలైంది. వెనకకు రాలేదు, ముందుకు పోలేదు. ఈ వ్యాసకర్త చెయ్యి పట్టుకుని లాగేవాడు. లాగినకొద్దీ ఆవిడ బిగుసుకుపోయేది. ఒకనాడు మేడమ్ గారు ఇంటికి వచ్చి, ఆ లాగులాట చూసి, మాట్లాడకుండా సంచిలోంచి పసుపు రంగు టేపు తీశారు. దానిని ఎప్పటినుంచి పోగు వేసి ఉంచారో తెలియదు. గుమ్మానికి ఇవతలా అవతలా నేల మీద అడ్డంగా గీతల్లా అంటించారు.

"మీరు చెయ్యి వదలండి సారూ. అమ్మాయ్, గుమ్మం వంక చూడకు. ఈ గీత దాటు. ఆఁ. ఇప్పుడు ఆ గీత."

ఆవిడ దాటింది. తనంత తాను ఆ గీతలన్నీ దాటుకుంటూ పొయ్యి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, చిన్నపిల్లలా నవ్వింది.

"ఏవండీ, చూశారా! ఇంకోసారి వస్తాను, చూడండి."

టేపు కత్తిరించిన కత్తెర పట్టుకుని ఈ వ్యాసకర్త గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. మామూలు అడుగు తోచనప్పుడు కంటికి ఆనవాలు దొరికితే మెదడు మరో దారిన నడిపించగలదని అతడూ చదివాడు. చదివినది ఒకటి, టేపు సంచిలో వేసుకుని రావడం మరొకటి. ఆ నవ్వు తన వల్ల రాలేదన్న బాధ, వచ్చిందన్న సంతోషాన్ని కొంతసేపు మింగివేసిన మాట వాస్తవం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మేడమ్ గారు రచ్చ ఎప్పుడో గెలిచారు. ఆనాడు ఈ వ్యాసకర్త ఇంట కూడా గెలిచారు.

ఇక మిగిలినది ఫ్రీజరు సంగతి. సంచాలకులు అప్పగించిన రెండవ పని గురించి భోజనం దగ్గర చెప్పినప్పుడు, ఆవిడ నెమ్మదిగా చెంచా కింద పెట్టింది. ఈమధ్య ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. దగ్గరకు వంగితే గాని వినబడదు.

"అయితే, నాది కూడా పారబోస్తారా?"

ఈ వ్యాసకర్త మంచినీళ్ళ గ్లాసు నింపి ఆవిడ ముందు పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం మేడమ్ గారూ అతడూ ఫ్రీజర్ గదిలో నిలబడ్డారు. ఎన్నడూ ఏదీ పారవేయనివారు తమ జీవితకాల కృషిని పారవేయించడానికి స్వయంగా చేతితొడుగులు తొడుక్కుని వచ్చారు. తలుపు తెరవగానే తెల్లని ఆవిరి కాళ్ళ మీదికి దిగింది. అరల నిండా మంచు పట్టిన పెట్టెలు, ఒక్కొక్క పెట్టెలో ఒక్కొక్క తరం విత్తనాలు, కింది అరలో మనుషులిచ్చిన వెన్నునీళ్ళు.

"మొహమాటపడకండి సారూ," అన్నారు మేడమ్ గారు. "రూలు రూలే. నాకు వదిలేస్తే ఏడాదైనా ఖాళీ చెయ్యనని వాళ్ళకి తెలుసు. అందుకే మిమ్మల్ని వేశారు."

పై అరలోంచి పాత గాజు గొట్టం ఒకటి తీసి, మంచు తుడిచి, ఈ వ్యాసకర్త చేతిలో పెట్టారు.

"ఇది మాత్రం మీదేనండీ. అప్పుడు అడిగి తీసుకున్నాను కదా. ఇచ్చేస్తున్నాను."

"ఇంకా ఉందా ఇది? దీంతో పని అప్పుడే అయిపోయింది కదండీ. ఇన్నేళ్ళు ఎందుకు దాచారు?"

"ఎప్పుడో ఒకప్పుడు మీరు వచ్చి, ఇది నాది, నాక్కూడా వాటా ఉంది అని దెబ్బలాడతారనుకున్నాను. రాలేదు. పక్క గదిలో కూర్చుని కుళ్ళుకుంటూ ఉండిపోయారు."

"వచ్చి ఉంటే?"

"వచ్చి ఉంటే ఏముంది, ఇద్దరం కలిసి చేసేవాళ్ళం. మీరు కడిగే పద్ధతి నాకు లేదు. నేను దాచే పద్ధతి మీకు లేదు. రెండూ కావలసిన పనే కదండీ ఇది."

ఇన్నేళ్ళ అసూయకు మూలం తలుపు మూసి ఉండటమని ఈ వ్యాసకర్త అనుకున్నాడు. తలుపు తీసే ఉన్నది. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయినది ఇతనికే. ఇతని ముందు ఎవరూ టేపు అంటించలేదంతే. ఎందుకు అంటించలేదని వారి మీద ఆ క్షణంలో కొంత కోపం కూడా వచ్చింది. అసూయాపరులకు కారణాలకు కొదవ ఉండదు.

పారవేయవలసిన గాజును ముందు కడగడం మన నియమం. అతడు గొట్టం పట్టుకుని తొట్టి దగ్గరికి నడిచాడు. అదే తొట్టి. చెయ్యి అలవాటుగా కుళాయి తిప్పింది. నీరు ధారగా పడుతూ ఉండగా, భార్య అడిగిన మాట చెవిలో పడింది. ఈ గొట్టంతో మొదలుపెడితే అన్ని పెట్టెలూ పోతాయి, కింది అర కూడా పోతుంది. అంతేకాదు, ఇది కడిగేస్తే ఇక ఈ వ్యాసకర్త ఎవరిని చూసి కుళ్ళుకుంటాడు? అతడు కుళాయి కట్టేసి, వెనక్కి వెళ్ళి, గొట్టాన్ని పై అరలో తీసినచోటనే పెట్టాడు. మేడమ్ గారు చేతితొడుగులు తీసి కళ్ళు తుడుచుకున్నారు. చల్లగాలికి కళ్ళు నీళ్ళు పెడతాయని ఆ గదిలో అందరూ అంటారు.

"ఫ్రీజర్ ఖాళీ చెయ్యక్కర్లేదండీ," అని ఈ వ్యాసకర్త సంచాలకులకు చెప్పాడు. "తీసుకునే మనిషి ఉన్నాడు."

"ఎవరండీ?"

"నేనే."

"మీరా? మేడమ్ గారి సిద్ధాంతం మీరు ఒప్పుకోరు కదా?"

"ఒప్పుకోను. ఎవరిది తప్పో తేలాలంటే అవన్నీ ఉండాలి కదా మరి."

ఆ రాత్రి భోజనం దగ్గర సంగతి విన్న ఆవిడ, "బతికించారు," అని మాత్రం అని, పసుపు గీతలు దాటుకుంటూ వెళ్ళి మజ్జిగ గిన్నె తెచ్చింది. తనంత తానే తెచ్చింది.

మేడమ్ గారి భర్త వృత్తిరీత్యా గడియారాలు బాగుచేస్తారు. ఇంతకాలమూ సాయంత్రాలు వారిని మన ఫ్రీజర్లకు అప్పగించి ఓపిక పట్టిన ఆ పెద్దమనిషికి మన కార్యాలయం ఎంతో రుణపడి ఉన్నది. ఇకపై ఆ సాయంత్రాలు ఆయనవి. అయినా మేడమ్ గారు అప్పుడప్పుడు వచ్చి తమ పెట్టెలను చూసుకోవచ్చును. తాళం మాత్రం ఈ వ్యాసకర్త దగ్గర ఉంటుంది. ఈసారి చెయ్యి చాచి నిరీక్షించేది వారు, ఆనాటి కలంలా తాళం అందించేది ఇతడు.

వారి చేతులు వణకకుండా, వాసనలు తెలుస్తూ, ఏ గుమ్మం దగ్గరా కాళ్ళు ఆగకుండా, కంఠం వరండా చివరిదాకా వినబడుతూ, నూరేళ్ళకు పైగా సుఖంగా ఉండాలని మన కార్యాలయ సిబ్బంది అందరి తరఫున, వారి మరదలి తరఫున మరీ ముఖ్యంగా, మనసారా కోరుకుంటున్నాము. ఈ వ్యాసకర్తకు సొంతంగా ఒక్కటే కోరిక. వచ్చే ఏడాది అతడు కూడా పదవీ విరమణ చేస్తాడు. అప్పటి సంచికలో అతని మీద వ్యాసం మేడమ్ గారే రాయాలి. ఆ ఏడాదిలోగా ఆ ఫ్రీజర్‌లోంచి అతడు ఏదైనా కొత్త సంగతి బయటికి తీసి, వారి వ్యాసంలో ఒక్క వాక్యమైనా అసూయతో రాయించాలని చూస్తున్నాడు. అది చదివి నవ్వడానికి ఇంట్లో మనిషి ఉన్నది.